కుర్చీలు బాగున్నాయి, అన్నమే ఉడకలేదు: షికాగో వైట్ సాక్స్ మైదానంపై ఒక సమీక్ష

భోజనానికి వెళ్ళిన చోట కుర్చీలు సౌకర్యంగా ఉండి, మంచినీళ్ళు చల్లగా ఉండి, వడ్డించేవారు మర్యాదగా మాట్లాడి, తీరా విస్తరిలోకి వచ్చిన అన్నం మాత్రం ఉడకకపోతే ఆ హోటలుకు ఎన్ని నక్షత్రాలు ఇవ్వాలో నాకు తెలియదు. షికాగో దక్షిణ భాగంలో 35వ వీధి దగ్గరున్న వైట్ సాక్స్ బేస్‌బాల్ మైదానం గురించి, అందులో ఆడే జట్టు గురించి రాయడానికి కూర్చున్నప్పుడు నాకు వచ్చిన చిక్కు ఇదే. నేపర్‌విల్‌లో కాపురం పెట్టినప్పటి నుంచి, అంటే పదమూడేళ్ళకు పైగా, ఈ జట్టు ఆటలను డబ్బు పెట్టి చూస్తున్నాను. 2024 సీజన్‌లో 14 ఆటలు మైదానంలో కూర్చుని చూస్తే, వాటిలో వైట్ సాక్స్ గెలిచినవి 3. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ సీజన్ గురించే. 2025 గురించి చెప్పవలసిన కాస్తా చివర్లో చెబుతాను.

ముందుగా బాగున్నవాటి సంగతి. మైదానానికి చేరుకోవడం సులువు. మా వంటి శివారువాళ్ళు మెట్రా రైలులో యూనియన్ స్టేషన్ దాకా వచ్చి, కొంత దూరం నడిచి రెడ్ లైన్ రైలు ఎక్కితే, సాక్స్–35వ వీధి స్టేషన్‌లో దిగగానే మైదానం కనిపిస్తుంది. 1991లో తెరిచిన ఈ మైదానం ఇన్నేళ్ళలో పేర్లు మార్చుకుంటూనే వచ్చింది: మొదట కొమిస్కీ పార్క్, 2003 నుంచి యు.ఎస్. సెల్యులార్ ఫీల్డ్, ఆ తర్వాత గ్యారంటీడ్ రేట్ ఫీల్డ్, 2024 డిసెంబరు నుంచి ఉత్త రేట్ ఫీల్డ్. ఆ ఏడాది ఆట చూసినవారికి చివరి మార్పులో 'గ్యారంటీ' అన్న మాట ఎందుకు ఊడిపోయిందో వేరే చెప్పనక్కరలేదు. కట్టడంలో లోపం లేదని కాదు. నగరం నడిబొడ్డున ఉన్న ఆకాశహర్మ్యాలు ఉత్తరాన ఉంటే, మైదానం వాటికి వీపు పెట్టి ఆగ్నేయం వైపు తిరిగి కూర్చుంది. పై అంతస్తు కూడా ఎంత నిటారుగా ఉందంటే, తర్వాతి కాలంలో పై వరుసలను కొన్నింటిని కోసివేసి, మీద కొత్త కప్పు వేయవలసి వచ్చింది. అయినా దిగువ అంతస్తులో ఎక్కడ కూర్చున్నా బంతి విసిరే పిచర్ చేతిలోంచి బంతి బయలుదేరడం స్పష్టంగా కనిపిస్తుంది. శుక్రవారం రాత్రుల్లో ఆట ముగిశాక కాల్చే బాణసంచా పిల్లలకు పండుగ.

తిండి విషయంలో ఈ మైదానానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఇక్కడి ఎలోటె అనే మొక్కజొన్న వంటకం కోసమే ప్రత్యేకంగా వచ్చేవారున్నారు. పొత్తు మీది గింజలను కత్తితో మన కళ్ళ ముందే దూసి, వెన్న, చీజ్ తగిలించి, ఉప్పు, ఎర్ర కారం చల్లి, నిమ్మరసం పిండి కప్పులో ఇస్తారు. మెక్సికో నుంచి వచ్చిన ఈ రుచి తెలుగువాడి నాలుకకు కొత్తేమీ కాదు. వానాకాలం సాయంత్రం తోపుడుబండి దగ్గర బొగ్గుల మీద కాల్చిన పొత్తుకు నిమ్మచెక్కతో ఉప్పుకారం రాయించుకుని తిన్నవారెవరైనా దానిని మొదటి చెంచాలోనే గుర్తు పడతారు. 2024లో ఈ జట్టు పేరు మంచి విషయంలో వినిపించిన కొద్ది సందర్భాల్లో ఒకటి, మైదానంలో అమ్మిన 'క్యాంప్‌ఫైర్' మిల్క్‌షేక్ సామాజిక మాధ్యమాలలో మారుమోగిపోవడం. అది పాలతో చేసిన సంగతి కనుక ఆటగాళ్ళ ప్రమేయం లేదు.

ఇక అసలు సరుకు. బేస్‌బాల్ తెలియని పాఠకుల కోసం కొంచెం విడమరచి చెప్పాలి. అమెరికా ప్రధాన లీగ్‌లో ఒక్కో జట్టు ఆరు నెలల్లో 162 ఆటలు ఆడుతుంది. దాదాపు రోజూ ఆట ఉంటుంది. అంత పొడుగు సీజన్‌లో అదృష్టం ఎవరి వైపూ అదే పనిగా ఉండదు గనుక ఎంత గొప్ప జట్టయినా 50, 60 ఆటలు ఓడుతుంది, ఎంత నాసిరకం జట్టయినా సాధారణంగా 55, 60 ఆటలు గెలుస్తుంది. 2024లో వైట్ సాక్స్ 41 గెలిచి 121 ఓడింది. 1901 తర్వాతి ఆధునిక యుగంలో ఒక సీజన్‌లో ఇన్ని ఆటలు ఓడిన జట్టు ఇంకొకటి లేదు. అంతకు ముందు ఈ అపఖ్యాతి 1962 నాటి న్యూయార్క్ మెట్స్‌ది. వారు 120 ఓడారు. అయితే మెట్స్‌కు అది పుట్టిన ఏడాది, మిగతా జట్లు వద్దనుకున్నవారిని ఏరుకుని ఆడించిన ఏడాది. వైట్ సాక్స్ 1901లో అమెరికన్ లీగ్ (ప్రధాన లీగ్‌లోని రెండు భాగాలలో ఒకటి) పుట్టినప్పటి నుంచీ ఆడుతున్న జట్టు, దేశంలో మూడో పెద్ద నగరంలో ఉన్న జట్టు, 2021లో 93 ఆటలు గెలిచి తన డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచిన జట్టు. అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి మూడే మూడు సీజన్లు పట్టాయి.

మన క్రికెట్ అభిమానులకు ఆఖరి స్థానం కొత్త కాదు. 2008లో తొలి ఐపీఎల్‌లో మన దక్కన్ ఛార్జర్స్ 14 ఆటలలో 2 మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాదే దక్షిణాఫ్రికాలో కప్పు ఎత్తింది. అందుచేత అటువంటి అద్భుతం ఇక్కడ కూడా జరగవచ్చునని నా తెలుగు మిత్రులు నన్ను ఓదారుస్తూ ఉంటారు. బేస్‌బాల్‌లో అది జరగడం చాలా కష్టం. వారం రోజుల ఊపు 14 ఆటల పోటీని తారుమారు చేస్తుంది గాని 162 ఆటల సీజన్‌ను కదిలించలేదు. పైగా కుర్రవాళ్ళను ఎంపిక చేసుకుని, చిన్న లీగ్‌లలో నాలుగైదేళ్ళు పెంచితే గాని పెద్ద జట్టుకు పనికి రారు. ఈ ఆటలో ఈనాటి ఓటమికి విత్తనం కొన్నేళ్ళ కిందటే పడి ఉంటుంది.

ఆ వేసవిలో మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. ఆయన ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. బేస్‌బాల్ నియమాలు ఆయనకు పూర్తిగా పట్టుబడలేదు గాని స్కోరు పట్టిక మాత్రం మొదటి వారంలోనే పట్టుబడింది. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని, "ఏరా అబ్బాయ్, రాత్రి మీవాళ్ళు గెలిచారా?" అని అడిగేవారు. జులై 10 నుంచి ఆగస్టు 5 దాకా వైట్ సాక్స్ వరుసగా 21 ఆటలు ఓడింది. అమెరికన్ లీగ్‌లో అంతకంటే పొడుగు వరస లేదు. 1988లో బాల్టిమోర్ ఓరియోల్స్ కూడా సరిగ్గా 21 ఓడింది. పదో పన్నెండో ఓటమి దగ్గర నాన్నగారు అడగడం మానేశారు. నా ముఖం చూసి, గ్లాసు నా చేతికి అందించి, తెనాలిలో వర్షాల సంగతి ఎత్తేవారు. ఆగస్టు 6 రాత్రి ఓక్లండ్‌లో 5–1తో ఆ వరస తెగింది. పొద్దుపోయి ముగిసిన ఆట కనుక మర్నాడు నేనే వెళ్ళి చెప్పాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "అవతలివాళ్ళు ఏమైనా పొరపాటు చేశారేమో కనుక్కో," అన్నారు. రెండు రోజుల తర్వాత మేనేజర్ (మన క్రికెట్ లెక్కలో కోచ్) పెడ్రో గ్రిఫోల్‌ను తొలగించారు. ఆ సీజన్‌లో అప్పటికి ఆయన లెక్క 28 గెలుపులు, 89 ఓటములు.

ఓటములన్నీ ఒకే రకంగా ఉన్నా ఓర్చుకోవచ్చు. ఈ జట్టు ఓటమిలో కూడా వైవిధ్యం చూపించింది. మే 23న ఇదే మైదానంలో బాల్టిమోర్‌తో ఆటలో తొమ్మిదో, అంటే ఆఖరి, ఇన్నింగ్స్‌లో మనవాళ్ళు 8–6తో వెనుకబడి ఉన్నారు; బేస్‌ల మీద ఇద్దరు రన్నర్లున్నారు, అవుట్ కావలసిన ముగ్గురిలో ఒక్కరే అయ్యారు. బ్యాటర్ కొట్టిన బంతి లోపలి మైదానం మీదనే నిట్టనిలువుగా లేచింది. అటువంటి బంతికి ఫీల్డరు పట్టినా పట్టకపోయినా బ్యాటర్ అవుటే అన్న నియమం ఉంది, అది న్యాయమే. అయితే అదే క్షణంలో రెండో బేస్ దగ్గరి మన రన్నరు ఫీల్డరు దారికి అడ్డొచ్చాడని అంపైర్ అతణ్ణి కూడా అవుట్ అన్నాడు. ఫీల్డరు బంతిని హాయిగానే పట్టుకున్నాడు. ఒక్క బంతితో రెండు వికెట్లు పడి ఆట ముగిసినట్టు అనుకోండి. ఆ ఏడాది మొత్తానికి చూస్తే మాత్రం అంపైర్లను నిందించడం వృథా. 162 ఆటలలో జట్టు చేసిన పరుగులు 507, ఇచ్చినవి 813; అంటే సగటున ఆటకు మూడు చేసి ఐదు ఇచ్చింది. 507 అన్నది ఆ ఏడాది లీగ్‌లోని 30 జట్లలో అన్నింటికంటే తక్కువ. హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సరు లాంటిది) కొట్టినప్పుడు రంగుల చక్రాలు తిరిగి, టపాకాయలు పేలే స్కోరుబోర్డు ఈ మైదానానికి పెట్టింది పేరు; 1960లో అప్పటి యజమాని బిల్ వెక్, ఈ మైదానానికి ముందున్న పాత కొమిస్కీ పార్క్‌లో మొదలుపెట్టిన ఆచారం అది. 2024లో దానికి విశ్రాంతి బాగానే దొరికింది.

వినియోగదారుడిగా నా ఫిర్యాదు ఓటమి మీద కాదు. ఓటమి ఈ ఆటలో భాగమని తెలిసే టికెట్ కొంటాము. ఓడినప్పుడు మనకు కలిగిన బాధలో నాలుగో వంతయినా జట్టును నడిపేవారికి కలుగుతోందన్న నమ్మకం మనకుండాలి. టికెట్ డబ్బుకు మనకు ముట్టవలసిన సేవ అదేనని నా అభిప్రాయం. ఆ నమ్మకానికి ఆధారం నాకు దొరకలేదు.

యజమాని జెర్రీ రైన్స్‌డార్ఫ్ 1981 నుంచి జట్టును నడిపిస్తున్నారు. ఆయనకు దక్కవలసిన గౌరవం ఒకటుంది: 2005లో ఈ జట్టు హ్యూస్టన్‌ను వరుసగా నాలుగు ఆటలలో ఓడించి, 1917 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే ప్రధాన లీగ్ ఫైనల్, గెలిచింది. కానీ ఆ తర్వాతి కథ వేరు. 2016 చివరి నుంచి పేరున్న ఆటగాళ్ళను ఇచ్చివేసి కుర్రవాళ్ళను తెచ్చుకుని జట్టును పునాదుల నుంచి కట్టారు. అది ఫలించి, 2020లోనూ 2021లోనూ జట్టు ప్లేఆఫ్‌లకు వెళ్ళింది. వరుసగా రెండేళ్ళు వెళ్ళడం ఈ జట్టు చరిత్రలోనే మొదటిసారి. 2021 ఆగస్టులో అయోవా మొక్కజొన్న చేల మధ్య కట్టిన మైదానంలో టిమ్ ఆండర్సన్ చివరి ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి న్యూయార్క్ యాంకీస్‌ను 9–8తో ఓడించిన రాత్రి, రాబోయే పదేళ్ళు మనవేనని నేను నిజంగానే నమ్మాను. అయితే అంతకు ముందే, 2020 చివర్లో, కుర్ర జట్టుకు మేనేజర్‌గా యజమాని తెచ్చిపెట్టింది 76 ఏళ్ళ టోనీ లా రుసాను. 1986లో ఆయనను తొలగించినందుకు రైన్స్‌డార్ఫ్ చాలాకాలంగా బాధపడుతూ ఉండేవారు. స్నేహధర్మం గొప్పదే, దానికి ఖర్చు మాత్రం చూసేవాళ్ళ ఖాతాలో పడింది. 2022లో జట్టు సరిగ్గా 81 గెలిచి 81 ఓడింది. లా రుసా ఆరోగ్య కారణాలతో సీజన్ మధ్యలోనే తప్పుకున్నారు. 2023లో 101 ఓటములు.

అప్పుడు యాజమాన్యం నిర్వాహకులను తీసివేసింది గాని, కొత్తవారి కోసం బయట వెతకలేదు. అంతవరకు కుర్ర ఆటగాళ్ళ తయారీ చూస్తున్న క్రిస్ గెట్జ్‌నే జనరల్ మేనేజర్‌ను, అంటే ఏ ఆటగాళ్ళు ఉండాలో నిర్ణయించేవారిని, చేసింది. పిండి రుబ్బినవారినే వంట మాస్టారును చేసినట్టు. మన జట్టు నాకు నచ్చలేదని ఆయన 2024 సీజన్‌కు ముందే బహిరంగంగా అన్నారు, అది నిజాయితీ గల మాటే. ఆ తర్వాత మాకు చూపించిన జట్టు మాత్రం ఇంకా నచ్చనిదిగా తయారైంది. పిచర్ డిలన్ సీస్‌ను మార్చిలో శాన్ డియేగోకు ఇచ్చారు. జులైలో అతను అక్కడ నో హిట్టర్ విసిరాడు, అంటే ఆట మొత్తంలో ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. మరో పిచర్ మైకేల్ కోపెక్‌ను జులై చివర్లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు ఇస్తే అతను అక్టోబరులో వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఈ జట్టు చరిత్రలో అతి పెద్ద ఒప్పందం ఆండ్రూ బెనిన్‌టెండీకి అయిదేళ్ళకు ఇచ్చిన 7.5 కోట్ల డాలర్లు. అది ఇచ్చిన ఏడాది తిరగకుండానే డాడ్జర్స్ జపాన్ ఆటగాడు ఒహ్తానీకి పదేళ్ళకు 70 కోట్లు రాసిచ్చింది. అందరూ డాడ్జర్స్ కాలేరని ఒప్పుకుంటాను. కానీ 2024 ఫిబ్రవరిలో కొత్త మైదానానికి ప్రజాధనం కావాలని యజమాని రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళి శాసనసభ నాయకులను కలిసినప్పుడు, ఇప్పుడున్న మైదానం కూడా ప్రజాధనంతో కట్టినదేనన్న సంగతి నాకు గుర్తుకొచ్చింది. 1988లో డబ్బు మంజూరు కాకపోతే జట్టు ఫ్లోరిడాకు తరలిపోతుందన్నప్పుడు, అర్ధరాత్రి గడువు దాటకుండా శాసనసభలో గడియారాన్నే ఆపించి బిల్లు నెగ్గించారు. ఆ గడియారం తర్వాత ఎవరూ తిప్పలేదేమోనని నా అనుమానం.

సెప్టెంబరు 24 రాత్రి గురించి కొంచెం వివరంగా రాయాలి. అప్పటికి 120 ఓటములతో మెట్స్ రికార్డును అందుకున్నారు. ఇంకొక్కటి ఓడితే చరిత్ర. ప్రత్యర్థి లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్. నేను టికెట్‌ను పునర్విక్రయ వెబ్‌సైటు ఒకదానిలో కొన్నాను. టికెట్ ధర కంటే ఆ సైటు వేసిన సేవా రుసుమే ఎక్కువ, అంటే జట్టు అమ్మినదానికంటే అమ్మిపెట్టినవాడి సేవకే విలువ ఎక్కువ పలికింది. నా పక్క సీటులో ఒక పెద్దాయన మోకాళ్ళ మీద స్కోరు పుస్తకం పెట్టుకుని, ముక్కు అరిగిన పెన్సిలుతో ప్రతి బంతికీ గీత గీస్తున్నారు. ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి 2–0తో మనవాళ్ళు వెనుకబడ్డారు. 'జట్టును అమ్మేయండి' అన్న నినాదం ఒక మూల నుంచి మొదలై మైదానమంతా పాకింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఉన్నట్టుండి మూడు పరుగులు వచ్చాయి. చరిత్ర చూద్దామని వచ్చిన మా వరుసలోని ఇద్దరు యువకులు సగం లేచి, చప్పట్లు కొట్టాలో వద్దో తేల్చుకోలేక, ఒకరి ముఖం ఒకరు చూసుకుని మళ్ళీ కూర్చున్నారు. పెద్దాయన మాత్రం మూడు గడులనూ నిదానంగా నింపి, పెన్సిలు చెవి వెనుక పెట్టుకుని, ఆ పేజీని అరచేతితో ఒకసారి నిమిరారు. 3–2తో గెలిచారు. మర్నాడు గెలిచారు, ఆ మర్నాడు కూడా 7–0తో గెలిచారు. తమ సొంత ప్రేక్షకుల ముందు ఆ అవమానం జరగనివ్వకుండా ఆటగాళ్ళు కాపాడుకున్నందుకు నాకు ఆ మూడు రోజులు వారి మీద నిజమైన అభిమానం కలిగింది. 121వ ఓటమి సెప్టెంబరు 27న డిట్రాయిట్‌లో 4–1తో వచ్చింది. అదే గెలుపుతో డిట్రాయిట్ ప్లేఆఫ్‌లకు చేరింది గనుక మన రికార్డు రాత్రి వాళ్ళ సంబరాల రాత్రి అయింది.

ఇక 2025. కొత్త మేనేజర్ విల్ వెనబుల్ వచ్చారు. జట్టు 60 గెలిచి 102 ఓడింది. వరుసగా మూడో ఏడాది ఓటములు వంద దాటాయి. అయినా చూడటానికి తేడా ఉంది. కోల్సన్ మాంట్‌గోమరీ అనే కుర్రవాడు సీజన్ మధ్యలో వచ్చి 71 ఆటలలో 21 హోమ్ రన్లు కొట్టడంతో స్కోరుబోర్డు చక్రాలకు పని దొరికింది. మే నెలలో ఎన్నికైన పోప్ 14వ లియో షికాగో దక్షిణ శివారువాడని, వైట్ సాక్స్ అభిమాని అని, 2005 వరల్డ్ సిరీస్ మొదటి ఆటకు ఇదే మైదానంలో కూర్చున్నారని తెలిసి, మాకు ఇంతకాలం లేనిది పైనుంచి సిఫారసు మాత్రమేనని కొందరు సంతోషించారు. 2029 నుంచి జట్టు యాజమాన్యం పెట్టుబడిదారు జస్టిన్ ఇష్బియాకు మారడానికి వీలు కల్పించే ఒప్పందం కూడా ఆ జూన్‌లో ప్రకటించారు. అది యజమాని ఇష్టపడితేనే. 2034 తర్వాత అయితే నిర్ణయం కొనేవారి చేతిలోకి వస్తుంది. అప్పటికి నా కూతురు కాలేజీ చదువు పూర్తి చేస్తుంది.

ఊరి నుంచి తల్లిదండ్రులు వచ్చినప్పుడు అమెరికా బేస్‌బాల్ అంటే ఏమిటో చూపించాలనుకునేవారికి ఈ మైదానాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను: దిగువ అంతస్తు సీట్లు తీసుకోండి, శుక్రవారం వెళ్ళండి, మొక్కజొన్న కోసం మూడో ఇన్నింగ్స్‌లోపే వరుసలో నిలబడండి. మైదానానికి నాలుగు నక్షత్రాలు, తిండికి ఐదు, 2024 జట్టుకు ఒకటి; ఆ ఒక్కటీ సెప్టెంబరు చివరి వారానికి. యాజమాన్యానికి ఎన్ని ఇవ్వాలన్న గడిని ఖాళీగా వదిలేస్తున్నాను.

2024 సీజన్ ముగిసిన రోజున నాన్నగారు కాగితం మీద భాగహారం చేసి, నూటికి పాతిక మార్కులని, ముప్పై అయిదు వస్తే గాని పాసు కాదని ప్రకటించి అక్టోబరులో తెనాలి వెళ్ళిపోయారు. మరుసటి ఏడాది సీజన్ అయిపోయాక ఫోన్‌లో అరవై గెలిచారని చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. లెక్క చేస్తున్నారని తెలుస్తూనే ఉంది.

"ముప్పై ఏడు," అన్నారు. "పాసేరా. గ్రేస్ మార్కులేమీ కలపలేదుగా?"